మంచు కొండలలో దారి చూపేవారు

హైదరాబాదు నగరానికి తూర్పున, వరంగల్లు వెళ్లే రాజమార్గం మీద ఉప్పల్ ఉన్నది. భారత సర్వే శాఖవారి శిక్షణ సంస్థ ఒకటి 1960 దశకం నుండి అక్కడ పనిచేస్తున్నది. భూమిని కొలవడం, కొలిచినదానిని పటంగా గీయడం అక్కడ నేర్పుతారు. ఆ పటాలలో గోధుమ రంగులో సన్నని వంకర గీతలు కనబడతాయి. వాటిని సమోన్నత రేఖలంటారు. సముద్ర మట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీతలివి. భూగోళ పాఠంలో ప్రతి విద్యార్థీ వీటిని చూసి ఉంటాడు. పరీక్ష కోసం నిర్వచనం వల్లించి, ఆ తరువాత మరచిపోయి కూడా ఉంటాడు.

ఉప్పల్‌కు దాపుననే నాచారం ఉన్నది. సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో మంచు కురవదు. ఇక్కడి పిల్లలకు మంచు అనగానే పుష్య మాసపు పొగమంచో, సోడా బండి మీది ఐసుగడ్డో మనసుకు తోస్తుంది. అయినా పైన చెప్పిన గోధుమ రంగు గీత ఎక్కడో ఆల్ప్స్ పర్వతాలలోను, హిమాలయాలలోను మంచు మీద నడిచే మనుష్యుల ప్రాణాలను కాపాడుతున్నది. ఎత్తైన మంచు కొండలలో రోజుల తరబడి యాత్ర చేయడం మానవుడు ఎట్లా నేర్చుకున్నాడు? అక్కడ ముందు నడిచే మార్గదర్శికి ఏమేమి తెలిసి ఉండాలి? ఆ జ్ఞానం మనకు ఎంత వెలకు లభించింది? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

దారి లేని చోట దారి

ఫ్రాన్సు దేశంలోని షామొనీ నుండి స్విట్జర్లాండులోని జెర్మాట్ వరకు ఆల్ప్స్ పర్వతాల మీదుగా ఒక ప్రసిద్ధమైన యాత్రా మార్గం ఉన్నది. దానిని 'ఓత్ రూట్' అంటారు. ఉన్నత మార్గమని దాని అర్థం. 1861 ప్రాంతంలో ఆంగ్లేయ పర్వతారోహకులు వేసవిలో కాలినడకన ఈ మార్గాన్ని కనుగొన్నారు. ఇప్పుడు ఏటా మార్చి, ఏప్రిల్ నెలలలో వందలాది మంది దీనిని స్కీల మీద దాటుతున్నారు. ఇందుకు ఆరేడు రోజులు పడుతుంది. తెల్లవారక ముందే లేచి, 3,000 మీటర్లకు పైబడిన కనుమలు ఎక్కి దిగి, సాయంకాలానికి కొండ మీది బసకు చేరుకోవాలి. ఎక్కువ బృందాలకు ముందు ఒక మార్గదర్శి నడుస్తాడు.

'మార్గం' అనే మాట విని మనం భ్రమపడరాదు. అక్కడ బాట లేదు, మైలురాయి లేదు. నిన్న నడిచినవారి జాడను రాత్రి కురిసిన మంచు కప్పివేస్తుంది. హిమానీనదంలో తాటిచెట్టు దిగిపోయేంత లోతైన పగుళ్లు ఉంటాయి. వాటి మీద పలుచని మంచు వంతెనలు ఏర్పడి, పైకి సమతలంగా కనబడతాయి. ఉదయం గట్టిగా ఉన్న వాలు మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి జారిపోవచ్చు. మన పల్లెలలో దారి చూపేవాడు ఉన్న దారిని చూపుతాడు. మంచు కొండలో మార్గదర్శి చేసే పని వేరు. ఆ పూట, ఆ మంచు మీద, ఆ వాతావరణంలో ఎక్కడ అడుగు వేయవచ్చునో, ఎక్కడ వేయరాదో అతడు నిర్ణయించాలి. తప్పు నిర్ణయానికి శిక్ష మరణం.

స్కీలోని సూత్రం

ముందుగా స్కీ అనగా ఏమిటో చూద్దాం. మనిషి పొడవు ఉండే సన్నని పలక అది. ముందు కొస పైకి వంగి ఉంటుంది. ఒక్కొక్క పాదానికి ఒక్కొక్క పలక కట్టుకుంటారు. ఇది నిన్న మొన్నటి వినోదం కాదు. స్వీడన్ దేశంలోని ఒక బురద నేలలో 1924లో దొరికిన స్కీ 5,000 ఏళ్లకు పైబడినదని తేలింది. వేటకు, ప్రయాణానికి ఉత్తర దేశాలవారు దీనిని తరతరాలుగా వాడుతున్నారు.

స్కీ ఎందుకు మంచులో దిగబడదు? లెక్క వేసి చూడండి. సామానుతో కలిపి ఒక యాత్రికుని బరువు 80 కిలోలు అనుకుందాం. అతని బూటు అడుగు వైశాల్యం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. ఒంటికాలి మీద నిలిచినపుడు ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 320 గ్రాముల భారం పడుతుంది. అతడే 170 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గల స్కీ మీద నిలిస్తే వైశాల్యం సుమారు 1,500 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. అపుడు చదరపు సెంటీమీటరుకు పడే భారం 53 గ్రాములు మాత్రమే. అనగా పీడనం ఆరో వంతుకు తగ్గింది. దమ్ము చేసిన మడిలో కాలు మోకాటి వరకు దిగబడుతుంది. అక్కడే ఒక పలక వేసి నిలబడితే దిగబడదు. రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒకటే.

జారే పలకతో కొండ ఎక్కడం ఎట్లా? దీనికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం జంతు చర్మం. ఆవు వీపు మీద మెడ నుండి తోక వైపు చేయి రాస్తే నున్నగా జారుతుంది. తోక నుండి మెడ వైపు రాస్తే వెంట్రుకలు అడ్డుపడతాయి. వెంట్రుకలు వెనుకకు వాలి ఉండేటట్లు సీలు చర్మపు పట్టీని స్కీ అడుగున కడితే పలక ముందుకు జారుతుంది, వెనుకకు జారదు. ఇప్పుడు మేక ఉన్నితోను, నైలానుతోను ఆ పట్టీలు చేస్తున్నారు. అయినా సూత్రం మారలేదు. కొండ కొమ్ముకు చేరిన తరువాత పట్టీలు విప్పి సంచిలో పెట్టుకొని జారుతూ దిగుతారు. ఎక్కేటప్పుడు మడమ విడిగా లేవాలి, దిగేటప్పుడు కదలకుండా ఉండాలి. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతపు సోండ్రె నోర్‌హైమ్ 19వ శతాబ్దపు నడిమి కాలంలో మెలితిప్పిన కొమ్మలతో మడమ చుట్టూ కట్టే పద్ధతి ప్రచారంలోకి తెచ్చి, వాలు మీద మలుపులు తిరగడం సులభం చేశాడు.

ముగ్గురి మరణం, ఒక సంఘం పుట్టుక

ఆల్ప్స్ పర్వతాలలో స్కీ కంటె ముందే మార్గదర్శి ఉన్నాడు. షామొనీ లోయలోని రైతులు, వేటగాళ్లు 18వ శతాబ్దం నుండి శాస్త్రజ్ఞులను, యాత్రికులను మాంట్ బ్లాంక్ శిఖరానికి తీసుకొని వెళ్లేవారు. 1820 ఆగస్టులో డాక్టర్ హామెల్ అనే రష్యను శాస్త్రజ్ఞుడు ఇద్దరు ఆంగ్లేయులతోను, కొందరు మార్గదర్శులతోను బయలుదేరాడు. వాతావరణం చెడ్డది. వెనుకకు మరలుదామని మార్గదర్శులు అన్నారని, యాత్రికులు అంగీకరించలేదని ఆనాటి కథనాలు చెబుతున్నవి. పై వాలు మీద కొత్త మంచు విరిగి జారింది. ముగ్గురు మార్గదర్శులు పగులులో పడి మరణించారు. యాత్రికులు బ్రతికి వచ్చారు.

మరుసటి ఏడు, 1821లో, షామొనీ మార్గదర్శులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. పని పంపకానికి నియమాలు పెట్టుకున్నారు. ప్రమాదానికి గురైన వారిని ఆదుకోవడానికి నిధి కూర్చుకున్నారు. ప్రపంచంలో ఇట్టి సంఘాలలో ఇది మొదటిది. ఇప్పటికీ పనిచేస్తున్నది.

ఈ కథకు ఒక శాస్త్రీయమైన ముగింపు కూడా ఉన్నది. హిమానీనదం చూపులకు కదలకుండా ఉన్నట్లే ఉన్నా నదివలె మెల్లగా ప్రవహిస్తుంది. స్కాట్లాండు భౌతిక శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఫోర్బ్స్ 1842 నుండి షామొనీ వద్ద ఆ వేగాన్ని కొలిచాడు. 1820లో పడిపోయినవారు సుమారు 40 ఏళ్ల తరువాత హిమానీనదపు దిగువ కొసలో బయటపడతారని అతడు లెక్క కట్టాడు. అట్లే 1861లో వారి అవశేషాలు, వస్తువులు బోసోన్ హిమానీనదపు అంచున కనబడ్డాయి. ప్రమాదం నుండి బయటపడిన ఒక ముసలి మార్గదర్శి వాటిని చూసి గుర్తుపట్టాడు. శాస్త్రపు లెక్క నిజమైనందుకు సంతోషించాలో, ఆ లెక్కకు ఆధారమైన దుఃఖానికి చింతించాలో తెలియని ఘట్టమది.

ఆల్ప్స్‌కు స్కీ రాక

1888లో నార్వే దేశస్థుడైన ఫ్రిట్యాఫ్ నాన్సెన్ అయిదుగురు సహచరులతో గ్రీన్‌లాండు మంచు భూమిని తూర్పు నుండి పడమరకు స్కీల మీద దాటాడు. వారిలో ఇద్దరు, బాల్టో, రావ్నా అనేవారు, ఉత్తర ప్రాంతపు సామీ జాతివారు. మంచు మీద నడక వారికి పుట్టుకతో వచ్చిన విద్య. 2,700 మీటర్ల ఎత్తున, సున్నాకు దిగువ 40 డిగ్రీల చలిలో సాగిన ఈ యాత్రను గురించి నాన్సెన్ వ్రాసిన గ్రంథం 1890లో వెలువడింది. అది చదివి మధ్య యూరప్ యువకులు స్కీలు తెప్పించుకున్నారు.

స్విట్జర్లాండులోని డావోస్ పట్టణంలో బ్రాంగర్ సోదరులు స్వయంగా స్కీ సాధన చేసి, 1893లో కొండ కనుమ దాటి అరోసా గ్రామానికి చేరారు. 1894 మార్చి 23న వారు ఒక ఆంగ్లేయుణ్ణి వెంటబెట్టుకొని మరల అదే కనుమ దాటారు. ఆ ఆంగ్లేయుడు ఎవరో కాదు, షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్. భార్య ఆరోగ్యం కోసం ఆయన డావోస్‌లో ఉండేవాడు. ఈ అనుభవాన్ని ఆయన అదే సంవత్సరం ఒక పత్రికలో వర్ణించాడు. మార్గదర్శుల వెంట చేసిన స్కీ యాత్రకు లోకంలో పేరు తెచ్చిన మొదటి కథనాలలో ఇది ఒకటి.

1897 జనవరిలో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ పౌల్కె నలుగురు మిత్రులతో కలిసి బెర్న్ ప్రాంతపు హిమానీనదాలను కొన్ని రోజులపాటు స్కీల మీద దాటాడు. నడి శీతాకాలంలో ఎత్తైన పర్వతాల మీద బహుదిన యాత్ర సాధ్యమేనని దీనితో రుజువైంది. 1903లో షామొనీ వైద్యుడు పయో ముగ్గురు మార్గదర్శులతో షామొనీ నుండి జెర్మాట్‌కు స్కీల మీద వెళ్లాడు. మధ్యలో కొంత దూరం వారు లోయ గుండా చుట్టి పోవలసి వచ్చింది. 1911లో రోజే, మార్సెల్ కుర్జ్ అనేవారు మార్గదర్శులతో కలిసి పర్వతాల మీదుగానే జెర్మాట్ చేరారు. ఉన్నత మార్గం స్కీ యాత్రా మార్గమైంది.

మంచును చదవడం

కాని వేసవిలో కొండలెక్కేవారికి తెలియని శత్రువు శీతాకాలంలో పొంచి ఉన్నది. అది మంచుచరియ. 1897 యాత్రలో పౌల్కె సహచరులైన ఎలెర్ట్, మ్యోనిక్స్ అనేవారు రెండేళ్లు తిరగక ముందే, 1899లో, ఆల్ప్స్‌లో స్కీ యాత్ర చేస్తూ మంచుచరియ కింద పడి మరణించారు. ఎలెర్ట్ భూకంపాలను నమోదు చేసే లోలకయంత్రాన్ని రూపొందించిన భూభౌతిక శాస్త్రజ్ఞుడు. భూమి లోపలి చిన్న కదలికను సైతం పట్టుకోగల యంత్రం చేసినవానికి కాలి కింది మంచు కదలిక అందలేదు. అప్పటికి ఆ శాస్త్రమే పుట్టలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా సేనలు ఆల్ప్స్ శిఖరాల మీద ఎదురెదురుగా నిలిచాయి. 1916 డిసెంబరు 13న మార్మొలాడా పర్వతం కింద ఆస్ట్రియా సైనికుల గుడిసెల మీద మంచుచరియ విరిగిపడి సుమారు 270 మంది చనిపోయారు. ఆ శీతాకాలంలో రెండు సేనలలోను వేల మంది ఇట్లాగే మరణించారు. మంచును అర్థం చేసుకోక తప్పదని లోకానికి తెలిసింది.

భూగర్భ శాస్త్రజ్ఞుడైన పౌల్కె తన జీవితపు ఉత్తరార్ధంలో మంచు పొరలను పరిశోధించాడు. స్విట్జర్లాండు ప్రభుత్వం 1931లో ఒక పరిశోధక సంఘాన్ని నియమించింది. 1936లో డావోస్ పట్టణానికి పైన 2,660 మీటర్ల ఎత్తున ఒక చిన్న ప్రయోగశాల నెలకొన్నది. బ్రాంగర్ సోదరులు బయలుదేరిన ఆ డావోసే మంచు శాస్త్రానికి పుట్టినిల్లు అయింది.

వారు కనుగొన్న ముఖ్య విషయమిది. నేల మీద పడిన మంచు ఒకే ముద్ద కాదు. ఒక్కొక్కసారి కురిసిన మంచు ఒక్కొక్క పొరగా, పుస్తకంలోని పుటలవలె నిలుస్తుంది. నేలను తాకే అడుగు పొర ఉష్ణోగ్రత సుమారు సున్నా డిగ్రీలు. పై పొర సున్నాకు దిగువ 20 డిగ్రీలు ఉండవచ్చు. ఈ తేడా వలన అడుగున పుట్టిన నీటి ఆవిరి పైకి పోతూ మధ్యలో మరల మంచుగా పేరుకుంటుంది. మంచు పలుచగా, చలి తీవ్రంగా ఉన్నచోట ఈ మార్పు త్వరగా జరుగుతుంది. అపుడు అడుగు పొరలోని రేణువులు పంచదార పలుకులవలె కోణాలు తేలి, ఒకదానికొకటి అతుక్కోకుండా ఉంటాయి. దాని మీద గాలి తెచ్చి పోసిన మంచు గట్టి పలకగా ఏర్పడుతుంది. పంచదార మీద రాతి పలక పెట్టి పళ్లేన్ని వంచితే ఏమవుతుందో అదే అవుతుంది. ఒక మనిషి బరువు చాలు, అడుగు పొర కూలి, పై పలక అంతా ఒక్కమారుగా విరిగి జారడానికి. స్కీ యాత్రికులను ముంచిన చరియలలో చాలా భాగం వారిలో ఎవరో ఒకరి బరువుకే కదిలినవి.

కాబట్టి మార్గదర్శి పార పట్టి మంచులో గొయ్యి తవ్వుతాడు. పొరలను వేలితో నొక్కి, కటకంతో రేణువులను చూసి, ఏ పొర బలహీనమో తెలుసుకుంటాడు. ఆల్ప్స్ దేశాలలో 1993 నుండి మంచుచరియల ప్రమాదాన్ని ఒకటి నుండి అయిదు వరకు గల కొలమానంతో ప్రకటిస్తున్నారు. ప్రతివాడు తన ఒంటి మీద ఒక చిన్న రేడియో పరికరం కట్టుకుంటాడు. 1968లో అమెరికాలో జాన్ లాటన్ దీనిని కనిపెట్టాడు. మంచు కింద కూరుకుపోయినవాని పరికరం పంపే సంకేతాన్ని పైనున్నవారి పరికరాలు పట్టుకుంటాయి. పది పదిహేను నిమిషాలలో వెలికితీస్తే చాలామంది బ్రతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. ఆ నిమిషాలలో ఆదుకోగలవారు పక్కనున్న సహచరులే.

మన దేశంలో 1927లో గుల్మార్గ్‌లో స్కీ క్లబ్బు ఏర్పడింది. 1948లో సైన్యం అక్కడే స్కీ శిక్షణ ప్రారంభించింది. మంచుచరియలను పరిశోధించడానికి 1969లో మనాలిలో రక్షణ శాఖవారు ఒక సంస్థ నెలకొల్పారు. 2020లో అది మరొక ప్రయోగశాలతో కలిసి కొత్త పేరు పొందింది.

గోధుమ రంగు గీత

ఇపుడు ఉప్పల్‌లో మనం చూసిన గీత దగ్గరకు వద్దాం. ఎక్కువ చరియలు 30 నుండి 45 డిగ్రీల వాలు మీద విరుగుతాయి. అంతకంటె తక్కువ వాలు మీద మంచు నిలిచి ఉంటుంది. అంతకంటె నిట్రమైన చోట ఎప్పటికప్పుడు రాలిపోయి పెద్దగా పేరుకోదు. అయితే బయలుదేరక ముందే, బసలో దీపం వెలుగులో, రేపటి వాలు ఎన్ని డిగ్రీలో తెలుసుకోవడం ఎట్లా?

పటంలో ఒక సెంటీమీటరు నేల మీద 250 మీటర్లకు సమానమనుకొనండి. రెండు సమోన్నత రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. 30 డిగ్రీల టాంజెంటు 0.577. ఇరవైని దానితో భాగిస్తే సుమారు 35 మీటర్లు వస్తుంది. పటం మీద అది 1.4 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలకు టాంజెంటు 1, దూరం 20 మీటర్లు, పటం మీద 0.8 మిల్లీమీటర్లు. అనగా రెండు గీతల మధ్య ఎడం 1.4, 0.8 మిల్లీమీటర్ల నడుమ ఉంటే అది ప్రమాదకరమైన వాలు. తాము నడిచే వాలును మాత్రమే గాక, తలపైనున్న వాలును కూడా ఇట్లాగే చూడాలి. పదవ తరగతి త్రికోణమితి ఇంతకంటె ప్రయోజనకరంగా మరెక్కడ కనబడుతుంది?

మన హిమాలయాల కొలతలకు, తెలుగు నేలకు పాత సంబంధం ఉన్నది. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన త్రికోణమితి సర్వే దక్షిణం నుండి ఉత్తరానికి త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ సాగింది. హైదరాబాదు కొంతకాలం దానికి ముఖ్య స్థానంగా ఉండేది. 1815లో బీదరు వద్ద ఆధార రేఖను కొలిచారు. 1818లో జార్జి ఎవరెస్టు ఆ పనిలో చేరింది హైదరాబాదులోనే. కృష్ణా గోదావరుల మధ్య అడవులలో కొలతలు తీస్తూ ఆయన, ఆయన పరివారం మన్యపు జ్వరాల పాలయ్యారు. పరివారంలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ త్రిభుజాల వరుసే క్రమంగా హిమాలయాల పాదాలకు చేరింది. 1852లో రాధానాథ్ సిక్దార్ దాని ఆధారంతో లెక్కించి, పదిహేనవ శిఖరం అన్నిటికంటె ఎత్తైనదని కనుగొన్నాడు. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. 1865లో దానికి ఎవరెస్టు పేరు పెట్టారు. 2020లో చైనా, నేపాలు దేశాలు ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. పాత లెక్కకు, కొత్త లెక్కకు తేడా సుమారు తొమ్మిది మీటర్లు మాత్రమే.

భువనగిరి నుండి ఎవరెస్టుకు

ఉప్పల్ నుండి వరంగల్లు మార్గంలో తూర్పుగా పోతే భువనగిరి వస్తుంది. అక్కడి ఏకశిల మీద కోట ఉన్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ బండ మీదనే మొదట కొండలెక్కడం నేర్చుకున్నారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. తరువాత డార్జిలింగులోను, లడఖ్ చలిలోను శిక్షణ పొందారు. 2014 మే 25న టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరమెక్కిన బాలిక అంతకు ముందు లేదు. వారు స్కీల మీద వెళ్లినవారు కారు. అయినా మార్గదర్శుల వెంట, రోజుల తరబడి, ఎత్తైన మంచు కొండ మీద చేసిన యాత్రకు తెలుగు నేలలో ఇంతకంటె గొప్ప ఉదాహరణ లేదు.

పిల్లల ఘనతను చెప్పుకొనేటపుడు వారి ముందు నడిచిన షెర్పాలను మరువరాదు. అదే సంవత్సరం ఏప్రిల్ 18న అదే పర్వతానికి నేపాలు వైపున మంచు దిమ్మెలు విరిగిపడి 16 మంది నేపాలీయులు మరణించారు. వారు యాత్రికుల కోసం దారి సిద్ధం చేస్తూ, సామాను మోస్తూ ఉన్నవారు. యాత్రికులెవరూ ఆ మృతులలో లేరు. 1820లో షామొనీ మార్గదర్శులు ముగ్గురికి జరిగినదే 194 ఏళ్ల తరువాత మరల జరిగింది. శిఖరం పేరు యాత్రికునికి దక్కుతుంది. మొదటి అడుగులోని ప్రమాదం మార్గదర్శికి దక్కుతుంది.

వెనుకకు మరలే విద్య

ఇంత శాస్త్రం, ఇన్ని పరికరాలు వచ్చిన తరువాత మార్గదర్శి ఉంటే భయం లేదని అనుకోవచ్చునా? 2018 ఏప్రిల్ 29న, ఓత్ రూట్ మీద ఒక మార్గదర్శి నడిపిన బృందం, మరికొందరు యాత్రికులు, మొత్తం 14 మంది, బసకు కొన్ని వందల మీటర్ల దూరంలోనే తుపానులో చిక్కుకున్నారు. చేయి చాపితే వేళ్లు కనబడని మంచులో బస కనబడలేదు. రాత్రంతా బయట గడిపారు. ఏడుగురు మరణించారు. వారిలో మార్గదర్శి కూడా ఒకడు. పటం, పొరలు, వాలు తెలిసినంత మాత్రాన సరిపోదు. వాతావరణం చెడుతుందని తెలిసిన రోజున బసలోనే ఉండడం, లేదా సగం దారిలో వెనుకకు మరలడం కూడా తెలియాలి.

ఇది చెప్పినంత సులభం కాదు. యాత్రికుడు ఎంతో డబ్బు ఖర్చు చేసి, సెలవు పెట్టి వచ్చాడు. అతనికి గమ్యం చేరాలని ఉంటుంది. మార్గదర్శికి జీవనోపాధి అదే. ఇట్టి సందర్భంలో 'ఈ రోజు వద్దు' అని చెప్పగలగడం మార్గదర్శి ధైర్యం. ఆ మాట వినగలగడం యాత్రికుని వివేకం. 1820 నాటి కథనాలు మనకు నేర్పే పాఠమిదే. మంచు పొరల శాస్త్రం, రేడియో పరికరం, సమోన్నత రేఖ, ఇవన్నీ ఆ మాటకు బలమైన ఆధారం ఇవ్వడానికే ఉన్నాయి. భయంతో అన్నమాట కాదు, కొలిచి అన్నమాట అని చూపడానికి ఉన్నాయి.

ఉపాధ్యాయులకు ఒక సూచన. తరగతిలో ఒక పళ్లెంలో పంచదార పలుచగా పరచి, దాని మీద రాతి పలక పెట్టి, ఒక అంచు మెల్లగా ఎత్తించండి. పలక జారిన క్షణంలో కోణమానితో కోణం కొలిపించండి. తరువాత పంచదార తీసివేసి, పళ్లెంలో తడి గుడ్డ పరచి, దాని మీద పలక పెట్టి మరల చేయించండి. రెండు కోణాలు ఎందుకు వేరుగా వచ్చాయో విద్యార్థులనే అడగండి. ఆ పిమ్మట సమోన్నత రేఖలున్న ఒక పటం ఇచ్చి, గీతల మధ్య ఎడాన్ని కొలిచి వాలు లెక్క కట్టమనండి. ఉప్పల్‌లోనో నాచారంలోనో చదువుకునే పిల్ల రేపు హిమాలయాలకు వెళ్లవచ్చు, వెళ్లకపోవచ్చు. వెళితే మాత్రం, ముందు నడిచే మనిషి ఆగి, వాలు వైపు చూసి, 'వెనుకకు పోదాం' అన్నపుడు, ఎందుకన్నాడో ఆ పిల్లకు తెలిసి ఉంటుంది.